సారు భాష, మూడో ముద్ద

ముందే చెప్తున్నా, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంట్లో కనిపించిన చీమకు నేను బజారుకు చేరేలోపు తొండం మొలుస్తుంది. మాది పోచంపల్లి నుంచి వచ్చిన మగ్గాల కుటుంబం. మా తాత పోగు పోగుకూ రంగు అద్దేవాడు, నేను మాట మాటకూ అద్దుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపేవాడికి అది జబ్బు కాదు, పెట్టుబడి. అందుకని ఈ రాతలో ఏదైనా మరీ పెద్దగా కనబడితే సగానికి కోసుకోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో కల్పించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెప్తాను.

చైతన్యపురిలో మా ఇంటి పైవాటాలో ఒక లెక్కల సారు కిరాయికుండేవాడు. కృష్ణా జిల్లా మనిషి. కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు రీజనింగ్ చెప్పేవాడు. ఎంత సన్నమంటే గోడకు ఆనుకుంటే సున్నం వేసేవాళ్లు ఆయన మీదుగా కూడా వేసుకుంటూ పోయేవాళ్లు. పిల్లాజెల్లా లేరు. భార్య ఉండేది, మేమంతా మేడం అనేవాళ్లం. ఆయనకు రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు ఎల్‌బీ నగర్ దాటినాక ఒక దవాఖానలో మిషన్ మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం. వరుసగా రెండోసారి తప్పకూడదు. తప్పితే ఏమవుతుందో డాక్టర్ నోటితో చెప్పలేదు, చేత్తో గాలిలో ఒక గీత గీశాడు.

మేడం ఆయనకు కూరగాయలు పొటాషియం దిగిపోవాలని రెండుసార్లు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మిగిలిన పిప్పిని కూర అని పిలిచేది. ఉప్పు లేదు, చింతపండు లేదు, ఆకుకూర లేదు, టమాట లేదు. నీళ్లు కూడా గ్లాసుతో కొలిచే. మా వంటింటి తాలింపు వాసన మెట్లెక్కి పైకి పోతే సారు గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు, పెళ్లి ఊరేగింపు చూసినట్టు.

అవి ఉద్యమం రోజులు. బంద్ అంటే బంద్. కోచింగ్ సెంటర్లు మూత, దుకాణాలు మూత. బండి నంబర్ల మీద ఏపీ చెరిపేసి టీజీ రాసుకున్నాం. నా స్కూటర్ మీద నేనూ రాశాను, అక్షరాలు ఎంత పెద్దవంటే నంబర్‌కు జాగా మిగల్లేదు. పని లేని ఇద్దరు మగవాళ్లు డాబా మీద ఎదురెదురుగా కూర్చుంటే అయితే తగువన్నా పడాలి, లేకపోతే పేకన్నా ఆడాలి. మేం రెండూ చెయ్యలేదు. సారు నాకు లోజ్బాన్ నేర్పాడు.

"అదెక్కడి భాష సార్?" అన్నాను.

"ఎక్కడిదీ కాదయ్యా. కొంతమంది కూర్చుని తర్కం మీద కట్టారు. ఎవరికీ అమ్మభాష కాదు."

"అట్లయితే దానికి రాష్ట్రం అడిగేటోడు కూడా లేడన్నమాట."

"అందుకే ప్రశాంతంగా ఉంది," అన్నాడు.

రెండు మాటల్ని కలపడానికి ఆ భాషలో నాలుగు అచ్చులు చాలు. ఆ, ఎ, ఒ, ఉ. సారు బొగ్గుముక్కతో డాబా పిట్టగోడ మీద రాసి చెప్పేవాడు. ఇడ్లీకీ దోశకూ మధ్య 'ఎ' పెడితే రెండూ నిజం కావాలి. 'ఆ' పెడితే కనీసం ఒక్కటి చాలు, రెండూ ఉన్నా సంతోషమే. 'ఒ' పెడితే ఉంటే రెండూ ఉండాలి, లేకపోతే రెండూ ఉండొద్దు, మొగుడూపెళ్లాల అలకలాగ. 'ఉ' పెడితే ఇడ్లీ మటుకు ఖాయం, దోశ ఉన్నా లేకున్నా పట్టింపు లేదు. 'ఒ' తర్వాత 'నై' అని తోక తగిలిస్తే ఏదో ఒక్కటే, రెండూ కుదరవు.

"దుకాణం తెరిచి ఉంది ఒనై మూసి ఉంది. నిజమా, అబద్ధమా?" అని అడిగాడు ఒకసారి.

"అబద్ధం సార్. మీరు దిల్‌సుఖ్‌నగర్ బంద్ చూడలే. షట్టర్ సగం దించుతం. జెండాలొస్తే మూసినట్టు, గిరాకీ వంగి లోపలికొస్తే తెరిచినట్టు. మాది 'ఎ' సార్."

ఆయన నవ్వితే భుజాలు ఎగిరెగిరి పడేవి, చొక్కా లోపల మనిషి లేనట్టు. "మీ బజారు ముందు తర్కశాస్త్రం దండగయ్యా," అన్నాడు.

ఇక ప్రశ్న. మన దగ్గర కాఫీనా టీనా అంటే ఒకటి చెప్పాలి. ఆ భాషలో కాఫీకి, టీకి మధ్య 'జీ' అని పెట్టి అడుగుతారు. ఈ రెండింటి మధ్య ఏ అచ్చు పెట్టుకుంటావో నువ్వే చెప్పు, అని దానర్థం. 'ఎ' అన్నావనుకో, రెండూ తెస్తారు. అడిగినవాడికి కోపం రాదు. ఆ రోజుల్లో మన రోడ్ల మీద అందరూ అందర్నీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది కదా, దాన్ని 'జీ' పెట్టి అడిగేవాడు ఒక్కడు దొరికినా బాగుండునని సారు ఆశ. దొరకలేదు.

ఆజ్ఞలకు ఒకటే మాట. 'కో'. మనకైతే రా, రండి, దయచేయండి, రారా, వచ్చి ఏడువు, ఎన్ని! అక్కడ రాజుకైనా రిక్షావాడికైనా 'కో'. 'నువ్వు' అనే మాటకు బదులు 'కో' పెడితే చాలు, ఈ వాక్యం నిజమయ్యేట్టు చూడు అని ఎదుటివాడికి పురమాయించినట్టు. 'కో క్లామా' అంటే పో, లేదా రా. నువ్వు పోవడం నిజం చెయ్యి. 'కో షిత్కా' అంటే తిను. తమాషా ఏందంటే 'కో' వాక్యం మొదట్లోనే ఉండాలని లేదు. చివర్లోనూ కూర్చుంటుంది.

"దా కుర్జీ కో," అన్నాడు సారు. "నిన్ను చూసుకునే వాళ్లు ఎవరో ఒకరు ఉండేట్టు చూడు, అని."

"గదేం ఆజ్ఞ సార్? చూసుకునేటోళ్లు ఇంకోళ్లు గద. నేనేం చేస్త?"

"అదేనయ్యా కష్టం. చేసేది వాళ్లు, బాధ్యత నీది."

కింద నుంచి మేడం అరిచింది. "ఏవండీ, ఆ కోడి కూతలు ఆపి వచ్చి మాత్ర వేసుకోండి!"

ఇంక అసలు సంగతికి వస్తాను. ఒక వారం బంద్ మీద బంద్ పడింది. సారు మిషన్ ఒకసారి తప్పింది. పాదాలు గుమ్మడికాయలయ్యాయి. మళ్లీ మిషన్ రోజు వచ్చింది, ఆ రోజూ బంద్. పైగా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు అన్నారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, వంటావార్పు అంటే హైవే మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తినడం. బస్సులు ఆగాలి, అన్నం ఉడకాలి. రాళ్లేసి రోడ్డు ఆపే ఊళ్లు దేశంలో ఎన్నో ఉంటాయి. పప్పేసి ఆపింది మేమే.

ఎవరూ రామని చెప్పిన తోవకు ఒక ఆటో అన్న ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు. సీటు కింది పెట్టెలోంచి ఒక కట్టు తీశాడు, మధ్యలో ఎర్ర మందు మరకతో. "పెద్దమనిషి తలకు గిది కట్టాలె. పేషెంటు పేషెంటు తీర్గ కనబడాలె. ఇస్త్రీ చొక్కా ఏసుకుని కిడ్నీ అంటే ఎవరు నమ్ముతరు?" బంద్ రోజుల్లో ఆ కట్టు ఎన్ని తలలు మారిందో! చైతన్యపురిలో సగం మందికి దాని కొలత తెలుసు.

సారు ఒప్పుకోలేదు. "'ఎ'తో కలిపిన వాక్యంలో ఒక ముక్క అబద్ధమైతే మొత్తం అబద్ధమేనోయ్," అన్నాడు మేడంతో. "నా కిడ్నీలు నిజం. ఈ కట్టు అబద్ధం. రెండూ కలిపి చూపిస్తే కిడ్నీలు కూడా అబద్ధమైపోతాయి."

"కట్టు లేకపోతే ఆటో లేదండీ," అన్నది మేడం. తనే చుట్టింది. కంగారులో వంకరటింకరగా చుడితే కట్టు మరీ నిజంగా వచ్చింది.

కొత్తపేట పండ్ల మార్కెట్ దాకా కట్టు బాగానే పనిచేసింది. "పోనీ, పోనీ" అన్నారు. ఎల్‌బీ నగర్‌లో ఆగిపోయాం. పొయ్యిలు! కాగులు! ఒక్కో కాగులో బర్రె దిగి ఈత కొట్టొచ్చు. విజయవాడ రోడ్డు పొడుగూతా ఇస్తరాకులే. అప్పటికి ఆ చౌరస్తాలో పేషెంట్లు ఎందరో దాటిపోయారు, అందరికీ తలకే దెబ్బ. ఒక పోరడు వచ్చి సారు కట్టు కొస పట్టుకుని లాగాడు. లాగుతూనే ఉన్నాడు. కింద తల గుండ్రంగా, నున్నగా దువ్విన పాపిడితో సహా బయటపడింది. జనమంతా ఒక్కటే నవ్వు.

"కిడ్నీలు తమ్ముడూ, నిజంగ కిడ్నీలు," అన్నాను నేను. "మిషన్ లేకుంటే మనిషి దక్కడు."

"తలకాయ దెబ్బ కిడ్నీలకు ఎప్పుడు జారింది అన్నా?"

సారు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మిషన్ సూదుల కోసం మోచేతి దగ్గర నరాలు కలిపి ఆపరేషన్ చేసి ఉంటారు. అక్కడ తాడు ముడిలాగ ఉబ్బు. పోరడు చూశాడు. "గిది కూడ అతికించుకచ్చిన్రా?" అన్నాడు.

అప్పుడు వచ్చిందామె. అల్మాస్‌గూడ అక్క. కట్టెల పొయ్యిల దగ్గర అందరికీ పెద్ద ఆమే. చేతిలో గంటె కరెంటు స్తంభమంత. వచ్చి సారు చేతి ఉబ్బు మీద అరచెయ్యి పెట్టింది. అక్కడ రక్తం పారుతుంటే గరగరమని అదురుతుంది. ఆమె చటుక్కున చెయ్యి తీసి, మళ్లీ మెల్లగా పెట్టింది.

"అవ్వో! లోపల తుమ్మెద ఉన్నట్టున్నది గదనే. నొస్తదా బిడ్డా?"

సారు ఆమె కంటే పెద్దవాడు. ఎవరూ ఆయన్ను బిడ్డా అని చాలాకాలం పిలిచి ఉండరు. "లేదమ్మా," అన్నాడు.

ఆమె పోరడి నెత్తి మీద ఒక్కటిచ్చింది. "నిజంగనే రోగమున్నది. తొవ్వ ఇయ్యుండ్రి!"

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. ఆమె మమ్మల్ని నమ్మకపోయినా బతికేవాళ్లం, ఎట్లనో బతిమాలుకుని పక్కసందుల్లో పడేవాళ్లం. నమ్మింది. నమ్మింది కనుక మా వాళ్లందరూ ఏం చేస్తారో అదే చేసింది. "రోగపు మనిషి ఖాళీ కడుపుతోని పోతాడా? మా పొయ్యి ముంగట్నుంచి? కూసో. తిన్నంక పోదువు."

"అక్కా, డాక్టర్లు తినొద్దన్నరు," అన్నాను.

"అన్నం తినొద్దనేటోడు డాక్టరెట్లయితడు?"

"తింటేనేమో పంపిస్తారట," అని సారు నా చెవిలో అన్నాడు. ఆ ఎండలో, ఆ ఆయాసంలో కూడా ఆయనకు అదే గోల. "తింటే పంపిస్తాం అంటే, తినకపోతే పంపించం అని అర్థం కాదయ్యా. తర్కంలో దానికీ దీనికీ చుట్టరికం లేదు."

"సార్, ఆమె లోజ్బాన్ మాట్లాడుతలేదు. మన దగ్గర తింటే అంటే తింటేనే. అది మీ 'ఒ'. రెండూ జరగాలె, లేకుంటే రెండూ లేవు."

అంతలో వెనుక నుంచి ఎవరో అన్నారు, మొహం కనబడలేదు, "మన తిండి ఆళ్లకు దిగదు తియ్యి." నవ్వుల్లో నవ్వుగా. కానీ ఇస్తరాకుల ముందు కూర్చున్నవాళ్లు నమలడం ఆపి చూశారు. పోరడు సారు ముందుకొచ్చి అడగనే అడిగాడు. "పెద్దాయనా, ఆంధ్రనా, తెలంగాణనా?"

సారు నా వైపు చూశాడు. పిట్టగోడ మీద బొగ్గు గీతలు ఇద్దరికీ గుర్తొచ్చాయి. "పుట్టిందక్కడ బాబూ. బతికిందిక్కడ. రెండూ," అన్నాడు.

విజయవాడ రోడ్డు మీద ఈగ వాలిన చప్పుడు వినబడింది. లక్షమంది ఊపిరి బిగబట్టారు. అక్క గంటె పక్కన పెట్టింది.

"రెండైతే రెండు ముద్దలు తిను," అన్నది. "ఆ దిక్కుది ఒకటి, ఈ దిక్కుది ఒకటి. ఇంక ఎవ్వడన్న ఏమన్న అన్నాడంటే గంటె తిరగేస్త."

జనం ఈలలు వేశారు. సారు ఆటో దిగి నేల మీద కూర్చున్నాడు. కూర్చోవడానికే నా భుజం పట్టుకున్నాడు. అక్క అన్నంలో పాలకూర పప్పు, పచ్చిపులుసు కలిపి ముద్ద చేసింది. ఆకుకూర, పప్పు, చింతపండు, ఉప్పు. మేడం రెండేళ్లుగా ఏవేవి ఉడికించి పారబోసిందో అవన్నీ ఒక్క అరచేతిలో. ముద్ద కొబ్బరికాయంత. నేను "సార్" అన్నాను. ఆయన తలూపాడు, వద్దని కాదు, తెలుసు అని.

"కాదంటే ఆ మాట నిజమైపోతుందయ్యా," అన్నాడు. "వాళ్ల తిండి మాకు దిగదన్న మాట. అంతమంది ముందు."

మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. మేడం ఆటోలోంచి దిగలేదు, తల తిప్పి బస్సుల వైపు చూస్తూ కూర్చుంది. రెండోది అయ్యాక సారు కళ్లు మూసుకున్నాడు, నాలుక పెదాల మీద తిప్పుకున్నాడు. మళ్లీ కళ్లు తెరిచి చెయ్యి చాపాడు. "ఇంకొక్కటి పెట్టమ్మా. ఉప్పు సరిగ్గా పడింది." ఆ మూడో ముద్దను పిల్లలు ఐస్‌క్రీమ్ తిన్నట్టు తిన్నాడు, అయిపోతుందేమోనని మెల్లగా. అక్క మొహం చూడాలి. రాష్ట్రం అప్పుడే వచ్చేసినట్టుంది.

ఆ తర్వాత మాకు జరిగిన మర్యాద మంత్రులకు జరగదు. అదే పోరడు ఆటో ముందు పరుగెత్తుతూ "జరుగుండ్రి, పేషెంటు, అసల్ పేషెంటు!" అని అరుస్తూ పొయ్యిల మధ్య నుంచి దారి చేశాడు. చేతిలో ఆ కట్టునే జెండాలాగ ఊపాడు.

దవాఖానలో మిషన్ ఉంది, మిషన్ నడిపే మనిషి లేడు. బస్సుల్లేక ఆయన ఎక్కడినుంచో నడుచుకుంటూ వస్తున్నాడట. మేం బల్ల మీద కూర్చున్నాం. సారు ఆయాసం చూసి నర్సు ఆక్సిజన్ పెట్టింది. ఆయన మాస్కు కొద్దిగా పక్కకు జరిపి మేడంతో అన్నాడు, "దా కుర్జీ కో."

"ఇప్పుడు కూడా ఆ గోలేనా?" అన్నది మేడం. మాస్కు సరిచేసింది.

మిషన్ మనిషి వచ్చాడు, పాపం, చెమటతో తడిసి. సూదులు గుచ్చాడు. రక్తం గొట్టాల్లో తిరగడం మొదలయ్యాక కొంచెంసేపటికి సారు గుండె ఆగిపోయింది. ఎంత నొక్కినా మళ్లీ కదల్లేదు.

చిన్న డాక్టర్. కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు, "రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది, గుండెను ఆపేది అదే. పొద్దున ఏమైనా తిన్నారా?"

నేను నోరు తెరిచేలోపే మేడం అన్నది, "తిన్నారు. పప్పన్నం."

"దానివల్లనేనా డాక్టర్?" అన్నాను. "లేకపోతే లేటయినందుకా? మొన్నటిది తప్పినందుకా?"

"ఏదైనా కావచ్చు. అన్నీ కలిసి అయినా కావచ్చు," అన్నాడు. అంటే 'ఆ'. కనీసం ఒక్కటి నిజం, అన్నీ నిజమైనా కావచ్చు. సారు నేర్పిన నాలుగింట్లో నాకు అప్పట్నుంచీ పడనిది అదొక్కటే.

పెద్దదినం అయినాక మేడం ఇల్లు ఖాళీ చేస్తానని తాళంచెవి పట్టుకుని కిందికి వచ్చింది. ఆ రోజు మాస్కులోంచి ఆయన అన్నదానికి అర్థం చెప్పాను. నిన్ను చూసుకునే వాళ్లు ఉండేట్టు చూడు. ఆమె "ఆయన ఎప్పుడూ అంతే, చెయ్యలేని పనులే చెప్తారు," అన్నది. మా ఇంటామె ఆమె చేతిలోంచి తాళంచెవి తీసుకుని మళ్లీ పైమెట్ల మేకుకు తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మేడం కూడా.

రాష్ట్రం వచ్చింది. బతుకమ్మ ముందర మా దుకాణం కిటకిటలాడుతుంటే ఒకామె నేత చీర వెల అడుగుతూ నన్ను పోల్చుకుంది. అల్మాస్‌గూడ అక్క. చేతిలో గంటె లేకపోయేసరికి నేను పోల్చుకోలేదు.

"అరే, నువ్వు గా ఆటోల ఉంటివి గద! మన రెండు దిక్కుల సారు ఎట్లున్నడు?"

దుకాణంలో ఆడవాళ్లు చీరలు విప్పి పరుస్తున్నారు. ఆమె నవ్వుతూ నా మొహం చూస్తోంది.

"బాగున్నడక్కా," అన్నాను.

"ఉండడా మరి? నేను పెట్టిన ముద్ద ఉత్తగ పోతదా!" అని పక్కామెకు ఆ కథంతా చెప్పింది. ఆమె చెప్పినప్పుడు కాగులు నేను చెప్పిన వాటికంటే పెద్దవయ్యాయి. నేను చీర మడతపెట్టి, బేరం లేకుండా ఇచ్చేశాను. ఆమెకు అనుమానం వచ్చి రెండుసార్లు అంచు చూసుకుంది.

ఇక కల్పించిన సంగతి. గంటె స్తంభమంత లేదు, అందరి ఇళ్లల్లో ఉండే గంటెనే. కాగుల్లో బర్రె పట్టదు, మేక పడుతుంది. ముద్దలు నిమ్మకాయంత. లక్షమంది లేరు. అవన్నీ పెంచినవి. ఆ రోజు ఆయన తిన్నది మటుకు రెండు ముద్దలే. రెండోది గొంతులో అడ్డం పడితే, నీళ్లు తాగే వీల్లేక, కళ్లల్లో నీళ్లతో మింగాడు. కళ్లు మూసుకుని నాలుక తిప్పుకున్నది లేదు. చెయ్యి చాపలేదు. ఉప్పు సంగతి ఎత్తలేదు. చేతులు కడుక్కుని, దండం పెట్టి, లేచాడు.

రెండేళ్లు పిప్పి తిన్న మనిషి, అంత కమ్మని పప్పు కూడా మందు మింగినట్టు మింగి పోయాడని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మూడో ముద్ద నేను పెట్టిందే.